ఒక్కటే సీటు

"నువ్వేడ కూసుంటవ్ అక్కా?"

పొద్దున కాయ కోతకు వచ్చిన ఆమె అడిగిన మాట ఇది. ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది, ఇంకా చెవిల్నే ఉన్నది. రాసి పడేస్తే పోతదేమో చూస్త.

బండి చేసుడు అయిపోయింది. తోటల బత్తాయి మోసేతందుకు మా ఆయన తుక్కు సామాన్లతోని చేస్తున్న మూడు చక్రాల బండి, ఆ బండే. పోయిన దసరా నుంచి దాని మీద మీ దగ్గర ఏడుస్తనే ఉన్న గదా, మళ్ల మొదటి నుంచి చెప్పే ఓపిక లేదు. పొద్దున షెడ్డులకెల్లి తీసి తోటకు తోలుకపోయిండు. అత్తమ్మ దిష్టి తగుల్తదని నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. ఇంత బత్తాయి తోట పెట్టుకొని నిమ్మకాయ దుకాణంల కొనుక్కొచ్చినం, అది వేరే సంగతి. ఇగ జనం. మా మరిది ఎక్కిండు, పాలకేంద్రం ఆయన ఎక్కిండు, పక్క చెల్క వాళ్ల అల్లుడు ఎక్కి కాలు మీద కాలేసుకొని ఫోటో దిగిండు. అందరూ దిగినంక కాయ కోతకొచ్చిన ఆమె గంప కింద పెట్టి, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, అడిగింది. ఆ గొంతుల వెక్కిరింపు లేదు. తెలుసుకుందామనే అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "ఎనుక మస్తు జాగ ఉన్నది, ట్రేల పక్కన కూసుంటది" అన్నడు. అందరూ నవ్విండ్రు. నేను గూడ నవ్విన. నేనెందుకు నవ్విన్నో అర్థమైతలేదు.

ఆ సీటు సంగతి చెప్పాలె. అది కటింగు షాపు కుర్చీ. దేవరకొండల ఎవరో షాపు ఎత్తేస్తుంటే పాత సామాన్ల కింద కొన్నడు. తల పెట్టుకునే దిండు కోసేసిండు, చేతులు ఉంచిండు. పైకి లేస్తది, కిందికి దిగుతది, కొమ్మలు వాలిన సాల్ల కుర్చీ దించుకొని దర్జాగ పోతడు. ముందుకు మాత్రం జరగదు. తన కాళ్లకు సరిపొయ్యేటట్టు చూసుకొని బోల్టులు బిగించిండు. నేను కూసుంటే బ్రేకు పెడలుకు వేళ్ల కొసలు తగుల్తయి, అంతే. "నువ్వేమన్న తోల్తవా" అని ఆయన అనలేదు. అంటే మంచిగుండు, ఒక లొల్లి పెట్టుకుందును. ఆయనకు ఆ ఆలోచనే రాలేదు.

బండి మాత్రం మంచిగ చేసిండు. అది రాయకపోతే నా కడుపుమంటనే కనబడ్తది. బత్తాయి ఇరవై అడుగులకొక చెట్టు పెట్టినా, ఏండ్లు గడిచినకొద్ది కొమ్మలు సాళ్లలకు వాలుతయి, కాపు మీదున్నప్పుడు నేలకు ఆనుతయి. ట్రాక్టరు దూరితే కాయ రాలుతది, కొమ్మ చీరుకపోతది. అందుకే ఇన్నేండ్లు గంపలు, నెత్తులు, నడుములు. బత్తాయిల కత్తెర కాపు ఎండాకాలం మొదట్ల వస్తది, ఆ ఎండల గంప నెత్తిన పెట్టుకొని సాలు చివరిదాక నడుసుడు ఏందో నడిచినోళ్లకే ఎరుక.

మొదలు పాత మోటర్ సైకిల్ ఇంజన్ పెట్టిండు. అది ఉరికితేనే గాలి తగిలి చల్లారే ఇంజన్. మనిషి నడిచినంత మెల్లగ, మీద బరువేసుకొని పోతే గాలేడిది? రెండో సాలుకే కాగిపోయి నిలబడేది. షెడ్డుల కూసొని ఎన్ని రాత్రులు తల పట్టుకున్నడో. ఆఖరికి వెల్డింగు భాయ్ చెప్పిండు, ఆటో ఇంజన్ పెట్టన్నా అని. పాత టూ స్ట్రోకు ఆటో ఇంజనుకు పక్కనే ఫ్యాన్ ఉంటది. ఇంజన్ తిరిగినంత సేపు ఫ్యాన్ తిరుగుతది, బండి నిలబడ్డా గాలి కొడ్తనే ఉంటది. నిలబడి నిలబడి పొయ్యే బండికి అట్లనే చేస్తరు గదా. పైంగ దానికి రివర్సు గూడ ఉంటది. చెట్ల నడుమ ఇరుక్కుంటే రివర్సు లేని బండిని ఎనుకకు నూకేది ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

ఇంజన్ కంటే నన్ను సతాయించింది ఇరుసు. మొదటి బండికి ఎనుక రెండు చక్రాలను ఒక్కటే ఇరుసుకు బిగించి చైను వేసిండు. నేరుగ పోతే ఏం బాధ లేదు. సాలు చివర మలిపితే బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలె, లోపలిది తక్కువ. రెండూ ఒక్కటే ఇరుసుకున్నయి గాబట్టి ఏదో ఒకటి ఈడ్చుకపోవాల్సిందే. ఈడ్చింది. మట్టితోని పాటు నా డ్రిప్పు పైపులను గూడ. ప్రతి మలుపుకాడ ఒక పైపు తెగుడు, నీళ్లు చిమ్ముడు, "జర ఆ జాయినర్ అందుకో" అనుడు. 16 ఎం.ఎం. జాయినర్లు కొంగున కట్టుకొని తిరిగిన ఆ నెలంత. ఆయనకు అది ప్రయోగం, నాకు పైపు తెగుడు. ఆటో ఎనుక భాగం మొత్తం తుక్కు దుకాణంల దొరికినంక ఆ పీడ పోయింది, దాంట్ల డిఫరెన్షియల్ ఉన్నది, రెండు చక్రాలు దేని తిరుగుడు అది తిరుగుతయి. ముందుకు మాత్రం రాజ్‌దూత్ మోటర్ సైకిల్ ఫోర్కు పెట్టిండు. ముందు చక్రం పెద్దది, ఎనుకవి చిన్న ఆటో చక్రాలు. చదునుల నిలబెట్టినా బండి ఎత్తు ఎక్కుతున్నట్టే ఉంటది. మీద పాత షట్టరు రేకు పరిచిండు. అందమైతే అడగొద్దు.

నేను పైపుల గురించి మొత్తుకున్నప్పుడల్లా ఆయన మల్లేశం గారి పేరు ఎత్తుతడు. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు. చీర నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుడును ఆసు పోసుడంటరు, దానికి యంత్రం చేసినాయన. (ఆలేరు ఇప్పుడు యాదాద్రి భువనగిరిల పడ్డది గని మాకింకా నల్లగొండే.) "ఆయన ఆసు యంత్రం ఒక్కనాడు అయ్యిందా? ఏండ్లు పట్టలేదా?" అంటడు. పట్టినయి. ఆయనంటే నాకు గౌరవమే. ఒక్క చీరకు ఆసు పొయ్యాలంటే చెయ్యి 9,000 సార్లు అటు ఇటు తిప్పాలె. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక మొదలుపెట్టిండు, 1999ల పూర్తి చేసిండు, అమ్మ పేరు మీదనే లక్ష్మి ఆసు యంత్రం అన్నడు. 2017ల పద్మశ్రీ వచ్చింది. ఆయన ముందు నొప్పిని చూసిండు, తర్వాత ఇనుమును చూసిండు. మా ఇంట్ల ఇనుము ముందొచ్చింది. ఈ మాట మా ఆయనతోని అంటే అన్నం తినకుండ లేస్తడని ఇక్కడ రాస్తున్న.

హ్యాండు బ్రేకు గురించి రాయకుండ పడుకుందామనుకున్న గని అయ్యేటట్టు లేదు. అది పాత బోరింగు చెయ్యి. సగానికి కోసి, కింద పళ్ల పట్టీ అతికిండ్రు. ఇంకా అక్కడక్కడ ఎర్ర రంగు ఉన్నది. ఆ ఎరుపేందో మా దిక్కోళ్లకు తెలుసు. మా తల్లిగారు మర్రిగూడ దిక్కు. నీళ్లల్ల ఫ్లోరైడు ఉందని బోరింగుకు ఎర్ర రంగు పూసిపోయేటోళ్లు, తాగొద్దని గుర్తు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు, మా కాడ అది ఎప్పుడో దాటింది. తాగొద్దంటే మరేం తాగాల్నో ఆ రంగు డబ్బా పట్టుకొచ్చినాయన చెప్పలే. నా ముందు పండ్ల మీద గార చూసి చిన్నది ఇప్పటికీ "అమ్మా, నువ్వు నవ్వితే ఊరి పేరు తెలుస్తది" అంటది.

నాయిన అప్పుడొక బండి చేసిండు. రెండు సైకిల్ చక్రాలు, విరిగిన ఇనుప మంచం పట్టీలు, డ్రమ్ము రేకు కోసి నాలుగు బిందెలు కుదురుగ కూసునేటట్టు నాలుగు కడాలు. చెరువు కింద మంచినీళ్ల బాయి ఉండె, అక్కడికి పోయి నింపుకొచ్చేది. సైకిల్ చక్రం నిలువు బరువును మస్తు మోస్తది. పక్కకు ఒరిగితే మాత్రం పుల్లలు పటపట తెగుతయి. ఎడ్ల బండ్ల గీరలల్ల పడ్డప్పుడల్లా ఒకటి రెండు పోయేటివి, నాయిన జేబుల ఎప్పుడూ పుల్లలుండేటివి. ముందు పట్టుకొని గుంజేది ఆయన. ఎనుక నేను. ఎత్తుకాడ నూకేదాన్ని. చెరువు కట్ట దిగుడుకాడ ఎనుక కట్టిన తాడు పట్టుకొని, మడమలు మట్టిల గుచ్చి, ఎనుకకు గుంజేదాన్ని, లేకుంటే నాలుగు బిందెల నీళ్లు వచ్చి నాయిన కాళ్ల మీద పడ్తయి. ఆ బండికి బ్రేకు నేనే. "ఇడువకు బిడ్డా, ఇడువకు" అనుకుంట దిగేటోడు. ఒక్కసారి గూడ ఎనుకకు తిరిగి చూసేటోడు గాదు.

తమ్ముడు జర ఎదగంగనే వాణ్ని ముందుకు పిలిచిండు. నేను వాడికంటే నాలుగేండ్లు పెద్ద. నా బలం వాడికి లేదు. అయినా వాడు ముందు పోయిండు, నేను తాడు పట్టుకున్న. ఊర్లోళ్లు "తండ్రీ కొడుకులు నీళ్లు తెస్తున్నరు" అనేటోళ్లు. ఇప్పుడు ఆ ఊర్ల నల్లాలల్ల కృష్ణ నీళ్లు వస్తున్నయి, బండి ఎటు పోయిందో ఎవరికీ తెల్వదు, తమ్ముడైతే అసలు అట్లాంటి బండి లేనే లేదంటడు. వాడు తోలిన బండి వాడికే యాదికి లేదు!

అయితే ఇదంత రాస్తుంటే ఇంకోటి తోస్తున్నది. ఎనుక ఉండుడు నాకప్పుడు చిన్నతనం అనిపించలే. తిరిగి చూడకుండ దిగిండంటే నాయినకు నా మీద ఎంత ధీమా ఉండాలె. నాకు గూడ ఆ తాడు మీద ఒక పెత్తనం ఉండె, నేను ఇడిస్తే బండి లేదు. మరి ఎనుక కూసొమ్మంటే ఇప్పుడెందుకు ఇంత మండుతున్నది? అప్పుడు ఎనుక నాకు పని ఉండె. షట్టరు రేకు మీద ట్రేల పక్కన కూసుంటే నేను సామానునే.

సాయంత్రం మాత్రం బండి ట్రేలన్నీ వేసుకొని కొమ్మల కిందికెల్లి వచ్చింది, పొద్దున అడిగిన ఆమె ఉత్త చేతులతోని, చెప్పుల్లేని కాళ్లు ఊపుకుంట, దాని పక్కన నడిచొచ్చింది. మస్తు అనిపించింది. అది నిజం.

పెద్దోడు హైదరాబాదుల వీడియో చూసి ఫోన్ చేసిండు. "నాయినా, దాన్ని రోడ్డు మీదికి తెస్తే నేను మన ఊరికి రానే రాను" అని. మా ఆయనకేమో దాని మీద నల్లగొండ మార్కెట్టుకు పోవాలని ఉన్నది. ఇట్ల జోడించిన జుగాడ్ బండ్లు గూడ మోటారు వాహనాలేనని, చట్టం వాటికీ వర్తిస్తదని సుప్రీంకోర్టు 2013లనే చెప్పిందని పెద్దోడు చదివి వినిపించిండు. రిజిస్ట్రేషన్ లేదు, ఇన్సూరెన్సు లేదు, ఎవరికన్న తగిలితే ఎవరు కడ్తరు? ఈ ఒక్క విషయంల కొడుకు దిక్కే నేను. గెట్టు దాటొద్దు. "సరే, సరే" అన్నడు. రెండుసార్లు సరే అంటే ఏందో నాకు తెలుసు.

అన్నం తినేటప్పుడు నా మొహం చూసినట్టున్నడు. "ఇంకో సీటు పెట్టిస్త తియ్. బస్సు సీటు ఒకటి ఉన్నది తుక్కు దుకాణంల" అన్నడు. మంచిగనే అన్నడు. నేను గూడ సరే అన్న.

గిన్నెలు తోముతుంటే వద్దనిపించింది. ఒకటి, ముందు ఉన్నది ఒక్కటే చక్రం. కుర్చీ నడిమిట్ల ఉన్నది గాబట్టి మలుపుకాడ తూకం నిలుస్తున్నది. పక్కన ఇంకో మనిషిని కూసోబెట్టి వంకర నేలల మలిపితే ఒరుగుతది. ఇది ఆయనకే తోచాలె, తోచలే. రెండు, రెండో సీటు పెడితే ఆ రెండోది నా పేరు మీద పడ్తది, ఇగ బతుకంత నాదే. ఒక్కటే ఉంటే, ఎవరు ముందు లేస్తే వాళ్లు కూసుంటరు. మా ఇంట్ల ముందు లేసేదెవరు? బండికి తాళంచెవి గూడ లేదు, పెట్రోలు తిప్పి, పక్కనున్న లివరు గుంజితే చాలు. గేర్లు పాత స్కూటరు గేర్లే, చేతిల్నే. పెద్దోణ్ని ఇంటర్ రెండేండ్లు స్కూటరు మీద బస్సుకాడ దించొచ్చింది ఎవరని?

లోపలికొచ్చి వద్దన్న. "ఏమే, ఇంతల్నే ఏమాయె?" అన్నడు. చెప్పలే. టీవీ చూసుకుంట పడుకున్నడు.

ఆయన గురక మొదలైనంక వెల్డింగు భాయ్‌కి ఫోన్ చేసిన. రేపు వచ్చినప్పుడు బ్రేకు పెడలు మీద నాలుగు అంగుళాల ముక్క అతకమన్న. "అన్నకు కాలు మడుచుకోవాల్సి వస్తది గదక్కా" అన్నడు. మడుచుకోనియ్ అన్న. పైసలు ఎవరి పద్దుల రాయాల్నో అడిగిండు. నా పద్దుల రాయమన్న.