ఉయెనో జూలో మన ఏనుగు

హైదరాబాద్ నుంచి వచ్చిన నాన్నకి టోక్యోలో రైళ్లు తెగ నచ్చాయి, గుళ్లు నచ్చాయి, ఎత్తైన భవనాలు మాత్రం రెండో రోజుకే విసుగొచ్చేశాయి. "ఇక్కడ జూపార్క్ లేదా?" అని పాప కంటే ముందు ఆయనే అడిగాడు. 1963లో మీరాలం చెరువు పక్కన నెహ్రూ జూ తెరిచిన కొత్తలో చూసినవాడు. ఏ ఊరెళ్లినా అక్కడి జూ చూడకుండా రాకపోవడం అప్పటి నుంచీ అలవాటు.

జూ లేకేం. ఉయెనో జూ 1882లో తెరిచారు. జపాన్‌లో అన్నిటికన్నా పాతది. మేముండే నిషి-కసాయ్ నుంచి తోజాయ్ లైన్ ఎక్కి, కయబాచోలో హిబియా లైన్‌కి మారితే సరిపోతుంది. మన వాళ్లు గుంపులుగా ఉండే పేట కాబట్టి "జూకి వెళ్తున్నాం" అనగానే ఎదురింటావిడ దగ్గర్నుంచి కిరాణా కొట్టు భాయ్ దాకా అందరూ ఒకటే మాట: "పాండాల క్యూలో ముందే నిలబడండి." సోమవారం జూ మూత. అందుకని మంగళవారం సెలవు పెట్టాను. 2024 నవంబరు, చలి ఇంకా ముదరలేదు. పొద్దున్నే లేచి పులిహోర కలిపాను.

టికెట్టు పెద్దవాళ్లకి 600 యెన్లు, 65 దాటితే 300, పన్నెండేళ్ల లోపు పిల్లలకి ఉచితం. నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు, ఏ ధర చూసినా వెంటనే రూపాయల్లోకి మారిపోతుంది. మా ముగ్గురికీ కలిపి 900 యెన్లు అనేసరికి లోపల్లోపలే గుణించుకుని "ఇంత ఊళ్లో ఇంత చవకా!" అని తేల్చాడు. వయసు రుజువుకి పాస్‌పోర్టు చూపిస్తే కౌంటర్లో అమ్మాయి రెండు చేతులతో తిరిగిచ్చి, తల వంచి నమస్కారం పెట్టింది. నాన్న కూడా వంగాడు. ఆవిడ మళ్లీ వంగింది. వెనక క్యూ ఉంది కాబట్టి నేనే ఆయన్ని లాక్కొచ్చాను.

పాండాల గురించి తొందరగా చెప్పేస్తాను. క్యూ గంటకు పైనే పట్టింది. క్యూలో ఎవరూ తోసుకోలేదు, విసుక్కోలేదు. ఉద్యోగి ఒకాయన అట్ట పట్టుకుని ఇక్కడి నుంచి ఇంతసేపు అని చూపిస్తున్నాడు. మా ముందు నిలబడ్డావిడ సంచికి పాండా, టోపీకి పాండా, ఫోన్‌కి పాండా. మేం చూడబోయే పాండాల అమ్మానాన్నలు రీరీ, షిన్‌షిన్ ఆ సెప్టెంబరు నెలాఖర్లోనే చైనా వెళ్లిపోయాయి. అప్పటికి మిగిలినవి 2021లో ఇక్కడే పుట్టిన కవలలు షావోషావో, లేలే. 2026 జనవరిలో అవి కూడా వెళ్లిపోయాయి. ఇక్కడ పుట్టినా ఇక్కడివి కావు. ఒప్పందం ప్రకారం పిల్లలు కూడా చైనావే, గడువు తీరాక పంపాలి. 1972లో రెండు దేశాలు చేతులు కలిపినప్పుడు మొదటి జంటని కానుకగా ఇచ్చారు గానీ, 2011లో వచ్చిన రీరీ, షిన్‌షిన్ మాత్రం అప్పుమీద వచ్చినవే. "అంటే అద్దెకా?" అన్నాడు నాన్న. అంతే అనుకో అన్నాను. లోపలికి వెళ్లాక మాకు దొరికిన కాసేపూ పాండా మాకు వీపు చూపిస్తూ వెదురు నమిలింది. పాప ఆ వీపుకే చేయి ఊపింది. "ఆగకుండా ముందుకు నడవండి" అని మర్యాదగా అంటూనే ఉన్నారు. నడిచాం.

జూ రెండు ముక్కలుగా ఉంటుంది, తూర్పు తోట, పడమటి తోట. తూర్పు తోటలో పులులు, గొరిల్లాలు, ఏనుగులు, వాటి మధ్య ఉన్నట్టుండి ఒక ఐదంతస్తుల పగోడా. 1639లో కట్టింది, ఒకప్పుడు కన్‌ఏజీ గుడికి చెందినది. ఎలుగుబంట్ల దారిలో నడుస్తూ దాదాపు నాలుగు వందల ఏళ్ల నాటి గోపురం తగలడం నాన్నకి భలే నచ్చింది. నాకు మాత్రం కాళ్ల కింద రాలిన గింకో పళ్ల వాసన తప్ప ఇంకేమీ గుర్తు లేదు. ఆకులు బంగారంలా ఉంటాయి, పళ్లు మాత్రం ముక్కు మూసుకునేలా కంపు కొడతాయి.

ఏనుగుల దగ్గర ఆగాం. తల్లి ఉత్తాయ్, కొడుకు అరుణ్. థాయ్‌లాండ్ నుంచి 2002లో వచ్చిన జంటకి 2020 అక్టోబరు 31న పుట్టాడు వాడు. ఉయెనో చరిత్రలోనే ఇక్కడ పుట్టిన మొదటి ఏనుగు పిల్ల. తండ్రి ఆర్తిత్ ఆ ఆగస్టులోనే పోయాడు, కొడుకుని చూడలేదు. అరుణ్ అప్పటికి నాలుగేళ్ల వాడు. తొండంతో మట్టి తీసి వీపు మీద చల్లుకోవాలని చూస్తున్నాడు గానీ సగం మట్టి దారిలోనే రాలిపోతోంది. రెండోసారి మట్టి తల మీద పడింది, మూడోసారి అమ్మ మీద. తల్లి కదల్లేదు. పాప పేరు విని "మన పక్కింటి అరుణ్ అన్నయ్య లాగానా?" అంది. అవును అన్నాను.

అక్కడే నాన్న అడిగాడు, "నెహ్రూ పంపించిన ఏనుగు ఇక్కడిదే కదా?" ఆయనకి ఆ కథ సగమే తెలుసు, చిన్నప్పుడు క్లాసులో విన్నది. నాకు మిగతా సగం తెలుసు. ఆ మిగతా సగం చెప్పాలంటే 1943 నుంచి మొదలుపెట్టాలి.

ఆ ఏడాది ఆగస్టులో జూలో ప్రమాదకరమైన జంతువులన్నిటినీ చంపేయమని నగర పాలకుల నుంచి ఉత్తర్వు వచ్చింది. బాంబులు పడి బోనులు విరిగితే సింహాలు, ఎలుగుబంట్లు ఊళ్లోకి వస్తాయన్నది కారణం. టోక్యో మీద పెద్ద దాడులు అప్పటికి మొదలే కాలేదు. యుద్ధం ఎంత గట్టిగా ఉందో జనానికి తెలిసిరావాలనే ఈ పని చేయించారని చరిత్రకారులు అంటారు. చాలావాటికి విషం పెట్టారు. మూడు ఏనుగులు ఉండేవి: జాన్, టోంకీ, వాన్లీ. విషం కలిపిన బంగాళాదుంపలు పెడితే వేరుచేసి అవతల పడేశాయి. సూది వేద్దామంటే ఆ తోలు మీద సూదులు విరిగాయి. చివరికి తిండి, నీళ్లు ఆపేశారు. కావలివాళ్లు కనిపిస్తే చాలు, టోంకీ నేర్చుకున్న విన్యాసాలన్నీ చేసి చూపించేదట, అలా చేస్తే ఇంతకుముందు తిండి పెట్టేవాళ్లు కాబట్టి.

సెప్టెంబరు 4న జూలోనే చనిపోయిన జంతువులకి సంస్మరణ సభ పెట్టారు. అప్పటికి జాన్ ఒక్కటే పోయింది. టోంకీ, వాన్లీ ఇంకా బతికే ఉన్నాయి. ఏనుగుల ఇంటికి నలుపు తెలుపు తెర కట్టి అవి కనిపించకుండా చేసి, అక్కడే పూజ జరిపించారు. టోంకీ ఆ నెల 23 దాకా ప్రాణం నిలుపుకుంది.

పాపకి ఇది చెప్పలేదు, తను అరుణ్‌ని చూస్తూ అక్కడే ఉండిపోయింది. నాన్నకి చెబుతుంటే ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆయన విషయంలో అది చాలా పెద్ద సంగతి.

యుద్ధం అయిపోయాక టోక్యో పిల్లలకి ఏనుగు అంటే బొమ్మే. నగోయా జూలో రెండు ఏనుగులు బతికి బయటపడితే, వాటిని చూడటానికి 1949లో పిల్లల కోసం ప్రత్యేకంగా రైళ్లు నడిపారు. టోక్యో పిల్లలు ఊరుకోలేదు, మాకూ ఏనుగు కావాలని భారత ప్రధానికి ఉత్తరాలు రాశారు. నెహ్రూ నిజంగానే పంపించాడు. మైసూరు నుంచి ఆడ ఏనుగు, దానికి తన కూతురి పేరే, ఇందిర. 1949 సెప్టెంబరులో ఓడ దిగి, టోక్యో వీధుల్లో నడుచుకుంటూ ఉయెనో చేరింది. దానికి తెలిసిన మాటలన్నీ కన్నడమే. వెంట వచ్చిన మావటీలు ఇక్కడి వాళ్లకి ఆ మాటలు నేర్పించాకే తిరిగి వెళ్లారు. అంటే టోక్యో నడిబొడ్డున జపాన్ మనుషులు ఏనుగుతో కన్నడంలో మాట్లాడారన్నమాట! మరుసటి ఏడాది దాన్ని దేశమంతా ఊరూరా తిప్పారు. 1957లో జపాన్ వచ్చిన నెహ్రూ, కూతురు ఇందిరా గాంధీని వెంటబెట్టుకుని ఈ జూకే వచ్చాడు.

నన్ను బాగా కదిలించింది మాత్రం 1967 నాటి ముచ్చట. తోటి ఏనుగు తోయడంతో ఇందిర కందకంలో పడి ఆవరణ బయటికి వచ్చేసింది. ఎవరు పిలిచినా వినలేదు. దాన్ని మొదటి నుంచీ చూసుకున్న కావలి మనిషి అప్పుడు క్యాన్సర్‌తో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన్ని రప్పిస్తే, ఆ గొంతు విని ఇందిర బుద్ధిగా లోపలికి నడిచింది. ఆయన కొద్ది రోజులకే పోయాడు. ఇందిర 1983 దాకా బతికింది.

ఏనుగుల దగ్గర్లోనే ఈ జూలో చనిపోయిన జంతువులన్నిటికీ కలిపి ఒక స్మారకం ఉంది. దానికి కాగితపు కొంగల దండలు వేలాడుతున్నాయి. నాన్న చెప్పులు విప్పబోయాడు, అక్కర్లేదు అన్నాను. అయినా విప్పి దండం పెట్టుకున్నాడు. జనం పాండాల క్యూలో గంటలు నిలబడ్డారు, ఇక్కడ మాత్రం మేం తప్ప ఎవరూ లేరు. పాండాలని తప్పు పట్టడం కాదు గానీ, అడిగిన పిల్లలకి తిరిగి ఇమ్మనకుండా ఇచ్చిన ఏనుగుకీ, గడువు రాసి పంపిన పాండాకీ మధ్య నాకు మొగ్గు ఎటో చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం బెంచీ మీద పులిహోర విప్పాం. ఇక్కడి కాకులు మన కాకుల కన్నా పెద్దవి, ధైర్యం కూడా ఎక్కువే. డబ్బా మూత తీసేసరికి ఒకటి వచ్చి రెండడుగుల దూరంలో కూర్చుంది. నాన్న పితృదేవతలకి పెట్టినట్టు ఒక ముద్ద తీయబోతే, "జంతువులకి ఏమీ పెట్టకూడదు" అన్న బోర్డు చూపించి ఆపాను. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. చెత్తబుట్ట ఎక్కడా కనబడలేదు, కరివేపాకు రెబ్బలతో సహా సంచిలో వేసుకున్నాం.

పడమటి తోటకి వంతెన మీదుగా వెళ్లాలి. ఒకప్పుడు ఈ రెండు తోటల మధ్య మోనోరైలు ఉండేది, జపాన్‌లో మొదటిది, 1957లో మొదలైంది. 2019లో ఆగింది, ఇక నడపరు. రైళ్ల పిచ్చి ఉన్న నాన్నకి ఇది పెద్ద లోటు.

పడమటి తోటలో చూడాల్సింది హషిబిరోకో. ఆఫ్రికా చిత్తడి నేలల పక్షి, పాప ఎత్తు ఉంటుంది, ముక్కు చెక్క చెప్పులా ఉంటుంది. ఏమీ చేయదు. నిజంగా ఏమీ చేయదు, గడ్డిలో నిలబడి చూస్తుంది, అంతే. చుట్టూ పెద్ద పెద్ద కెమెరాలు పెట్టుకుని జనం అది కదలడం కోసం కాచుకుని ఉన్నారు. మేమూ నిలబడ్డాం. చాలాసేపటికి అది ఒక రెప్ప వేసింది, మెల్లగా తల వంచింది, ముక్కు టపటపా కొట్టింది. కెమెరాలన్నీ ఒకేసారి మోగాయి. "మా హెడ్మాస్టరు అచ్చం ఇలాగే ఉండేవాడు" అన్నాడు నాన్న. రోజంతటిలో నాకు బాగా నవ్వొచ్చింది అప్పుడే.

షినోబజు చెరువులో తామరలన్నీ ఎండిపోయి కాడలు మిగిలాయి, వాటి మధ్య బాతులు. చెట్ల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. పాప కాళ్లు నొప్పులని మారాం మొదలుపెట్టింది, బయటికి దారి పట్టాం.

దారిలో అంగడి తప్పదు కదా. బిస్కెట్ల నుంచి సాక్సుల దాకా పాండా. ఏనుగు బొమ్మలు వెతికితే ఒక మూల అడుగు అరలో దొరికాయి. నాన్న ఏనుగు పట్టుకున్నాడు, పాప పాండా పట్టుకుంది. "ఏనుగు మనదిరా, కొనుక్కోమ్మా" అని ఆయన, "పాండానే మెత్తగా ఉంది తాతయ్యా" అని అది. కాసేపు బేరం నడిచింది, ఎవరూ దిగలేదు. చివరికి రెండూ కొన్నాం. బిల్లు నాన్నే కట్టాడు, రూపాయల్లోకి మాత్రం మార్చి చెప్పొద్దన్నాడు.