20 వేలలోపు ఇంటికి డీప్ ఫ్రీజర్ కొనేముందు

డీప్ ఫ్రీజర్ అనగానే ముందు వచ్చే ప్రశ్న "ఎంతలో వస్తుంది?" అని. 20 వేలలోపు 100 లీటర్ల చెస్ట్ ఫ్రీజర్, అంటే పెట్టెలా మూత పైకి తెరుచుకునేది, కొత్తదే దొరుకుతుంది. కానీ కొన్నాక ఏళ్ల తరబడి అది పగలూ రాత్రీ ఆగకుండా నడుస్తుంది. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు ముందు వేసుకోవాల్సింది కరెంటు లెక్క.

మూత గట్టిగా ఉండే 100 లీటర్ల ఫ్రీజర్ రోజుకు సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్లు లాగుతుంది. ఎండాకాలం ఇంకాస్త ఎక్కువ. నెలకు 40 యూనిట్ల చుట్టూ అనుకోండి. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్లలోపు వాడి సున్నా బిల్లు అందుకుంటున్న ఇంటికి ఇది చాలా పెద్ద విషయం. ఇప్పటికే 170 యూనిట్లు కాలుస్తున్న ఇంట్లో ఫ్రీజర్ పెడితే 200 దాటుతుంది. దాటిన నెల కట్టేది పైన పడిన పది పదిహేను యూనిట్లకు మాత్రమే కాదు, మొత్తం బిల్లు. అంటే వెయ్యి రూపాయల పైనే. కాబట్టి షోరూమ్‌కి వెళ్లేముందు గత 12 నెలల బిల్లులు తీసి, ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని యూనిట్లు వచ్చాయో చూడండి. ఆ రెండు నెలల్లో 150 దాటుతుంటే, ఫ్రీజర్ అవసరం నిజంగా ఉందా అని ఇంకోసారి ఆలోచించాలి.

స్టార్ లేబుల్ ఉన్న మోడల్ అయితే దాని మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. నక్షత్రాలు లెక్కపెట్టకండి, ఆ అంకె చూడండి. స్టార్లు లీటర్లతో ముడిపెట్టి ఇస్తారు కాబట్టి, పెద్ద 5 స్టార్ ఫ్రీజర్ చిన్న 3 స్టార్ దానికంటే ఎక్కువ కరెంటు లాగొచ్చు.

సైజు విషయంలో అమ్మేవాళ్ల మాట వినొద్దు. "ఇంకో రెండు వేలు వేస్తే 200 లీటర్లు వస్తుంది సార్" అంటారు. నలుగురున్న ఇంటికి, నెలకు రెండుసార్లు చేపలో చికెనో ఎక్కువగా తెచ్చుకునేవాళ్లకు 100 లీటర్లు సరిపోతుంది. సర్దడం తెలిస్తే అందులో 35, 40 కిలోలు పడతాయి. అయితే పట్టడం వేరు, గడ్డకట్టించడం వేరు. 100 లీటర్లది 24 గంటల్లో సరిగ్గా గడ్డకట్టించగలిగేది నాలుగైదు కిలోలే. చెరువు పట్టిన రోజు చవగ్గా వచ్చాయని 15 కిలోల బొచ్చె, శీలావతి ఒకేసారి కుక్కితే పైవి గట్టిపడతాయి, మధ్యలోవి గంటల తరబడి చల్లనీళ్లలా ఉండిపోతాయి, పాతవి కూడా మెత్తబడతాయి. నెమ్మదిగా గడ్డకట్టిన మాంసంలో ఐసు పలుకులు పెద్దవిగా ఏర్పడి కణాలను చీలుస్తాయి. కరిగించినప్పుడు నీళ్లు కారి, ముక్క పులుసులో విడిపోవడానికి కారణం అదే. అరకిలో చొప్పున అంగుళం మందాన పలచగా ప్యాక్ చేసి, మొదటి రోజు గోడలకు ఆనించి పెట్టండి. మర్నాడు మధ్యలోకి జరిపి తర్వాతి విడత పెట్టుకోవచ్చు. రొయ్యలను తల తీసి డబ్బాలో మునిగేలా నీళ్లు పోసి గడ్డకట్టిస్తే ఎండిపోవు.

ఎలాంటిది కొనాలంటే: గట్టి మూతది, ఒకే మూతది, చెస్ట్ రకం. ఐస్‌క్రీమ్ షాపుల్లో కనిపించే గాజు మూతవి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తాయి గానీ ఇంటికి వద్దు. గాజు గుండా వేడి లోపలికి దిగుతూనే ఉంటుంది, కంప్రెసర్‌కు విశ్రాంతి దొరకదు. బీరువాలా నిలువుగా ఉండేవి సర్దుకోవడానికి బాగుంటాయి, కానీ తలుపు తీసిన ప్రతిసారీ చల్లగాలి కిందికి జారి బయటికి పోతుంది. కూలర్‌గానూ ఫ్రీజర్‌గానూ పనిచేసే కన్వర్టబుల్ అయితే మీట ఎటు ఉందో చూసుకోవాలి. కూలర్ వైపు ఉంటే లోపల చేపలు గడ్డకట్టవు.

వెనక రేటింగ్ ప్లేట్ మీద క్లైమేట్ క్లాస్ అని ఉంటుంది. "టీ" అని ఉంటే 43 డిగ్రీల బయటి వేడి దాకా పనిచేసేలా తయారైందని అర్థం. "ఎన్" అని ఉంటే 32 వరకే. రామగుండం, విజయవాడ ఎండల్లో "టీ" తప్ప వేరేది ఆలోచించనక్కర్లేదు. రేకుల షెడ్డులోనో, ఎండ పడే బాల్కనీలోనో పెడితే "టీ" అయినా కష్టమే. చాలా మోడళ్లలో వేడి పక్కగోడల గుండానే బయటికి పోతుంది కాబట్టి అన్ని వైపులా కనీసం నాలుగంగుళాలు ఖాళీ వదలాలి. గోడలు గోరువెచ్చగా తగిలితే కంగారు పడొద్దు, అది మామూలే.

బడ్జెట్‌లో రెండు వేలు స్టెబిలైజర్‌కు పక్కన పెట్టండి. వోల్టేజ్ పడిపోతే కంప్రెసర్ తిరగలేక గుర్రుమని, కరెంటు ఎక్కువ లాగి, టక్కుమని ఆగుతుంది. ఇలా పదేపదే జరిగితే కాయిల్ కాలిపోతుంది. కరెంటు పోయి వెంటనే వచ్చినా ఇబ్బందే, గ్యాస్ ఒత్తిడి రెండు వైపులా సమానం కాకముందే మోటారు తిరగాల్సి వస్తుంది. అందుకే మూడు నిమిషాలు ఆగి కరెంటు ఇచ్చే స్టెబిలైజర్ కావాలి. స్టెబిలైజర్‌ను ఎర్త్ సరిగా ఉన్న ప్లగ్గుకు నేరుగా పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు.

ఇళ్లలో ఫ్రీజర్లు పాడవడానికి గ్యాస్ లీకు ఒక పెద్ద కారణం. లీకు రెండు రకాలుగా వస్తుంది. లోపలి రేకు వెనకాలే చల్లబరిచే సన్నటి పైపు చుట్టి, ఫోమ్‌తో మూసేసి ఉంటుంది. గోడకు పేరుకున్న మంచును చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో గోకితే, మొన ఒక్కసారి జారినా రేకు చీలి పైపుకు చిల్లు పడుతుంది. సుయ్‌మని శబ్దం వస్తే పొయ్యి వెలిగించకుండా, స్విచ్చులు ముట్టుకోకుండా కిటికీలు తెరవండి. ఇప్పటి ఫ్రీజర్లలో చాలావాటిలో ఆర్ 600ఏ, ఆర్ 290 గ్యాస్‌లు వాడుతున్నారు, రెండూ మండేవే. లీకుకు రెండో కారణం ఉప్పు. చేపల నీళ్లు, ఉప్పు పట్టించిన మాంసం రసం అడుగున చేరి రేకును మెల్లగా తినేస్తాయి. ఫోమ్ లోపల లీకు ఎక్కడుందో కనిపెట్టడం దాదాపు అసాధ్యం. మెకానిక్‌లు లోపలివైపు కొత్త రాగి పైపు చుట్టి ఇస్తారు, జాగా తగ్గుతుంది, ఖర్చు వేలల్లో ఉంటుంది. కంప్రెసర్‌కు ఐదేళ్ల వారంటీ అని చెప్పినప్పుడు గ్యాస్, కూలి అందులో కలిసి ఉన్నాయో లేదో కార్డు తీసి చదవండి. పొట్లాలను ఎప్పుడూ ట్రేలోనో మూత ఉన్న డబ్బాలోనో పెట్టండి. మంచు అరసెంటీమీటరు మందం రాగానే స్విచ్ ఆపి, మూత తెరిచి, వేడినీళ్ల గిన్నె లోపల ఉంచి కరిగించి, అడుగున ఉన్న డ్రెయిన్ మూత తీసి నీళ్లు వదిలేయండి.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే, మీరు వెళ్లేసరికి అది ఆపేసి ఉండాలని ముందే చెప్పండి. మీ కళ్ల ముందు ఆన్ చేయించి, కనీసం నాలుగు గంటలు కూర్చోండి. ఖాళీ ఫ్రీజర్ ఆ సమయానికి మైనస్ 18 డిగ్రీలకు దగ్గరపడాలి. చిన్న థర్మామీటర్ వెంట తీసుకెళ్లండి. వెనక జాలీ తీయించి టార్చ్ వేసి పైపుల అతుకులు చూడండి. ఎక్కడైనా జిడ్డుగా నూనె మరక, దానికి దుమ్ము అంటుకుని ఉంటే అక్కడ గ్యాస్ కారుతున్నట్టే. లోపల అడుగున కొత్తగా పెయింట్ వేసి ఉంటే తుప్పు దాచారని అనుమానించాలి. కాగితం మూత కింద పెట్టి మూసి లాగండి, నాలుగు వైపులా పట్టుకోవాలి. ఇంటికి తెచ్చేటప్పుడు నిలువుగానే తేవాలి. పడుకోబెట్టి తెస్తే కంప్రెసర్ నూనె పైపుల్లోకి వెళ్తుంది, నిలబెట్టి నాలుగైదు గంటలు ఆగాకే స్విచ్ వేయాలి.

కరెంటు కోతలకు ఇన్వర్టర్ అక్కర్లేదు. నిండుగా ఉన్న ఫ్రీజర్ మూత తెరవకపోతే రెండు రోజుల దాకా, సగం ఖాళీగా ఉంటే ఒక రోజు దాకా గడ్డ నిలుపుతుంది. మన మే నెల వేడిలో దీన్ని కొంచెం తగ్గించుకుని లెక్కేసుకోండి. ఖాళీ జాగాలో పాత కూల్‌డ్రింక్ సీసాలు నీళ్లు నింపి పెట్టండి. గడ్డకట్టినప్పుడు నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి మెడ దాకా నింపకుండా నాలుగు వేళ్ల జాగా వదలండి.