నెల్లూరు నుంచి కేదార్‌కంఠ మంచు దారికి

ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని కేదార్‌కంఠ శిఖరం ఎక్కొచ్చినప్పటి నుంచి మా వైపు వాళ్లు చాలామంది అదే అడుగుతున్నారు: మంచు చూసి ఎరగని మనం ఆ దారిలో నడవగలమా అని. నడవగలం. కాకపోతే ఇక్కడి అలవాట్లు కొన్ని మార్చుకోవాలి.

కాళ్లను ఉదయగిరిలో సిద్ధం చేసుకున్నా. ఆదివారాల్లో నీళ్ల సీసాలు నింపిన బ్యాగు వీపున వేసుకుని దుర్గం ఎక్కి దిగేవాణ్ణి. ఎక్కేటప్పుడు ఆయాసం ఒక్కటే, మోకాళ్ల సంగతి తెలిసేది దిగేటప్పుడే. డాక్టర్ దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా రాయించుకున్నా.

రైల్లో ఢిల్లీ, అక్కణ్ణుంచి డెహ్రాడూన్, ఆపైన ఘాట్ రోడ్డులో దాదాపు 200 కిలోమీటర్లు పోతే ఉత్తరకాశీ జిల్లాలోని సాంక్రి. నడక అక్కడే మొదలు. మంచులో జారకుండా బూట్లకు బిగించే స్పైక్స్, బూట్లలోకి మంచు దూరకుండా కాళ్లకు తొడిగే గైటర్స్, చేతికర్రలు ఆ ఊళ్లో అద్దెకు దొరుకుతాయి. బూట్లు మాత్రం ముందే కొనుక్కుని, ఇంటి దగ్గరే వాడి కాలికి అలవాటు చేసుకోవాలి.

బట్టల గురించి గట్టిగా చెప్పాలి. మనకు కాటన్ అంటే ప్రాణం. అక్కడ కాటన్ బనీను కూడా పనికిరాదు. నడుస్తుంటే ఎంత చలిలోనైనా చెమట పడుతుంది. కాటన్ దాన్ని పీల్చుకుని ఆరనివ్వదు. ఆగిన కాసేపటికి ఒళ్లంతా వణుకు. అందుకే లోపల త్వరగా ఆరే పాలిస్టర్ చొక్కా, దాని మీద ఫ్లీస్ అనే వెచ్చటి మెత్తటి పైచొక్కా, అన్నిటికీ పైన గాలి దూరని జాకెట్. మొదటిరోజు బయల్దేరే ముందు గైడ్ నా చేత జాకెట్ తీయించాడు. "చలేస్తోంది భయ్యా" అన్నాను. "కొంచెం చలేస్తుండగానే నడక మొదలుపెట్టాలి" అన్నాడు. ఆగినచోటల్లా తొడుక్కోవడం, కదిలేముందు విప్పడం. విసుగనిపించినా నన్ను కాపాడింది ఆ అలవాటే.

ఇక దారి. కొత్తగా కురిసిన మంచులో కాలు మోకాలి దాకా దిగబడుతుంది, కానీ పెద్దగా జారదు. టెన్షన్ అంతా అందరూ తొక్కిన బాటతోనే. పగటి ఎండకు పైపొర కరుగుతుంది, రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది. జూడా కా తాలాబ్ అనే చెరువు దాకా వెళ్లే అడవి దారిలో చెట్ల నీడన ఆ గడ్డ పొద్దెక్కినా అలాగే ఉంటుంది. తెల్లగా గరుకుగా ఉన్నచోట అడుగు వెయ్యొచ్చు, నున్నగా మెరుస్తున్నచోట కూడదు. స్పైక్స్ అంటే బూటు చుట్టూ బిగించే రబ్బరు పట్టీ, దాని కింద గొలుసులు, గొలుసులకు ఉక్కు ముళ్లు. తొడగాలంటే గ్లోవ్స్ తీయాలి, తీసిన నిమిషానికే వేళ్లు మొద్దుబారతాయి. ఒక్కసారి బిగించాక అడుగేస్తే కరకరమని మంచును పట్టుకుంటాయి. ఆ చప్పుడు వింటుంటే ధైర్యం దానంతటదే వచ్చింది. దిగేటప్పుడు మోకాళ్లు కొద్దిగా వంచి, మెత్తటి మంచులో మడమ ముందు గుచ్చాలి.

శిఖరానికి అర్ధరాత్రి దాటాక తలకు హెడ్‌లైట్లు పెట్టుకుని బయల్దేరాం. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి సీసాను తలకిందులుగా పెట్టుకున్నా, మూత దగ్గర నీళ్లు కదులుతూనే ఉన్నాయి. చలికి ఛార్జింగ్ పడిపోకుండా ఫోన్ లోపలి జేబులో పెట్టా. ఎండ వచ్చాక నల్ల కళ్లద్దాలు తీయకూడదు, మంచు మీద నుంచి తిరిగొచ్చే వెలుగు కళ్లను దెబ్బతీస్తుంది. దాదాపు 12,500 అడుగుల ఎత్తు నుంచి స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్ శిఖరాలు కనిపించాయి. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

ఎత్తు మాత్రం ఎవరినీ ఖాతరు చేయదు. మా గుంపులో ఒంగోలు నుంచి వచ్చిన ఒకాయన నడకలో అందరికంటే ముందుండేవాడు. పైకి వెళ్తుండగా ఆయనకు తలనొప్పి, వాంతి మొదలయ్యాయి. గైడ్ బతిమాలనివ్వలేదు, వెంటనే ఒక మనిషిని తోడిచ్చి కిందికి పంపేశాడు. దిగేకొద్దీ తల తేలికపడిందట. మేం క్యాంపుకు చేరేసరికి వంట టెంట్‌లో కూర్చుని అన్నం తింటున్నాడు.