47.7 కాదు, 42.2

మొదటి ఆదివారం ఎత్తు 47.7 మీటర్లు అని గర్వంగా పుస్తకంలో రాసుకున్న చెట్టు మూడో ఆదివారానికి 39.2 అయింది, ఇప్పుడు 42.2 దగ్గర ఆగింది. చెట్టు అదే, కొలిచేవాడే కొంచెం తెలివి తెచ్చుకున్నాడు.

ఉండేది కౌలాలంపూర్ కాబట్టి కెపాంగ్‌లోని ఫ్రిమ్ (మలేషియా అటవీ పరిశోధన సంస్థ) అడవి నాకు దగ్గర. అక్కడి కపూర్ చెట్లు పచ్చకర్పూరం ఇచ్చే జాతివే, అది తెలిశాక మా ఆవిడ కూడా రావడం మొదలుపెట్టింది. తలెత్తి చూస్తే ఒక చెట్టు ఆకులు ఇంకో చెట్టుకు తగలవు, మధ్యలో సన్నటి ఆకాశం గీతలు, ఎండి నెర్రెలిచ్చిన చెరువును తలకిందులుగా చూసినట్టుంటుంది. దానివల్ల నాకో లాభం కూడా ఉంది, ఏ కొమ్మ ఏ మానుదో తెలుస్తుంది.

మొదటి తప్పు కోణం చూపించే ఫోన్ యాప్. మానుకి 30 మీటర్ల దూరంలో నిలబడి పైకి చూస్తే 57 డిగ్రీలు. టెన్త్ లెక్కల ప్రకారం 30 ఇంటూ ట్యాన్ 57, అంటే 46.2, దానికి కంటి ఎత్తు 1.5 కలిపితే 47.7. ఈ లెక్క ఒప్పవ్వాలంటే చిటారు కొమ్మ సరిగ్గా మొదలుకి నిట్టనిలువుగా పైన ఉండాలి, కానీ నేను చూసింది నా వైపు వాలిన ఓ పక్క కొమ్మని. గురిపెట్టిన చోటికి దూరం చెప్పే లేజర్ రేంజ్‌ఫైండర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాక అదే ఆకుకి గురిపెడితే ఏటవాలు దూరం 45 మీటర్లే వచ్చింది. 45 ఇంటూ సైన్ 57 అంటే 37.7, కంటి ఎత్తుతో 39.2. కొమ్మ ఐదున్నర మీటర్లు ముందుకొచ్చినందుకు ఎనిమిదిన్నర మీటర్ల గొప్ప! ఇప్పుడు ట్యాన్ జోలికే పోవట్లేదు.

అయితే 39.2 ఆ పక్క కొమ్మ ఎత్తు, చెట్టుది కాదు. మానుకి 42 మీటర్ల దూరం దాకా వెనక్కి, కొంచెం ఎత్తుగా ఉన్న బాట మీదకి వెళ్తే గానీ అసలు కొస కనపడలేదు: ఏటవాలు దూరం 57.5 మీటర్లు, కోణం 43 డిగ్రీలు, కంటి మట్టం నుంచి ఎత్తు 39.2. అంకె మళ్ళీ అదే వచ్చేసరికి రేంజ్‌ఫైండర్ పాడైందేమోనని కాసేపు టెన్షన్ పడ్డాను. కింద పొదలు అడ్డం, మొదలు కనపడదు. అందుకని మా ఆవిడ మాను పక్కన వెదురు గడ పట్టుకుని నిలబడింది, దానికి రెండు మీటర్ల దగ్గర ఎర్ర గుడ్డ కట్టాం. గుడ్డ నా కంటికంటే ఒక మీటరు కిందుంది. 39.2, 1, 2 కలిపితే 42.2. ఆ పది నిమిషాల్లో ఆవిడ కాలికి రెండు జలగలు పట్టాయి, వచ్చేవారం గడ నువ్వే పట్టుకో అంది.

ఇంకో మాట, లేజర్ పన్నెండు సార్లు కొడితే 41.3 నుంచి 42.2 దాకా వచ్చాయి. సగటు తీయొద్దు, లేజర్ చాలాసార్లు కింది ఆకుకే తగులుతుంది, కనీసం మూడు సార్లు వచ్చిన పెద్ద అంకె తీసుకోండి. వాన వెలిశాక అద్దం మీద ఆవిరి పడితే అసలు కొలవొద్దు.

మలేషియాలోనే సబా రాష్ట్రంలోని దానుమ్ లోయలో మెనారా అనే పసుపు మెరంటి చెట్టుని 2019 జనవరిలో చెట్లెక్కే ఉండింగ్ జామీ అనే ఆయన ఎక్కి టేపు వేలాడదీసి కొలిస్తే 100.8 మీటర్లు వచ్చింది. అదీ వాలులో కింది వైపు మొదలు నుంచి, నేల మట్టం సగటు తీసుకుంటే 98.5. నా చెట్టూ వాలులోనే ఉంది, మేం గడ పెట్టింది కింది వైపే. పై వైపు నుంచైతే 41.6, సగటు 41.9. పుస్తకంలో మూడూ రాసుకున్నా, టైటిల్‌కి మాత్రం పెద్దదే పెట్టా.