ఆగస్టు బెట్ట, ఆ తరువాతి వలస

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకోవడం వల్ల, ఈశాన్య రుతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలహీనపడటం వల్ల ఈ నేలకు రెండు కాలాల్లోనూ లోటే. అయినా ఒక రైతు కుటుంబం ఊరు విడుస్తుందా లేదా అన్నది ఏడాది మొత్తంలో ఎంత కురిసిందన్న దానికన్నా ఎప్పుడు కురిసిందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం.

జూన్, జూలైలలో ఎర్రనేలల్లో విత్తిన వేరుశనగ పూత పూసి, ఊడలు, అంటే పువ్వు నుంచి నేలలోకి దిగి కాయగా మారే కాడలు, దిగే వేళకు నేలలో పదును ఉండాలి. సరిగ్గా అప్పుడే మూడు నాలుగు వారాలు వాన లేక బెట్ట పడితే ఊడ గట్టిపడిన నేలలోకి దిగలేదు, దిగినా కాయ ఊరదు. సెప్టెంబరులో కుండపోతగా కురిసే వాన జిల్లా సగటును పూడుస్తుందేమో గానీ ఆ పంటను తిరిగి ఇవ్వలేదు. భూమి ఒక డిగ్రీ వేడెక్కితే గాలి దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు కనుక, కురిసినప్పుడు ఒక్కసారిగా కురిసే ముప్పు పెరుగుతోంది. 2021 నవంబరులో ఇదే రాయలసీమను వరదలు ముంచెత్తాయి.

ఒక్క పంట పోయినంత మాత్రాన ఎవరూ ఇల్లు వదలరు. ముందు బంగారం తాకట్టుకు వెళుతుంది, తరువాత బోరు కోసం అప్పు పుడుతుంది, అందులోనూ నీళ్లు పడకపోతే పశువులను అమ్ముతారు, చివరకు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని బెంగళూరులో కట్టడం పనికి వెళతారు. ఎందుకని అడిగితే పని కోసమనే చెబుతారు. ఆ జవాబు వెనుక ఉన్న వాన మన లెక్కల్లోకి రాదు. 2050 నాటికి వాతావరణ కారణాలతో 21.6 కోట్ల మంది దాకా తమ తమ దేశాల్లోనే వలస వెళ్లవచ్చని ప్రపంచ బ్యాంకు 2021లో అంచనా వేసింది. వెళ్లడానికి కూడా సత్తువ, తెలిసినవాళ్లు, దారిఖర్చు కావాలి. అవేవీ లేక ఎండిన ఊళ్లోనే మిగిలిపోయే ముసలివాళ్ల గురించే నాకు ఎక్కువ బెంగ.

ఊళ్లోనే కూలి పని కల్పించే ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలైంది. అయినా ప్రభుత్వ కరువు ప్రకటన పంటకాలం ముగిశాక వస్తే, అప్పటికే అడ్వాన్సు తీసుకున్న కుటుంబాన్ని అది ఆపలేదు. ఊళ్లో పని, పశువులకు మేత, అప్పుకు గడువు, ఈ మూడూ ఆగస్టులో బెట్ట కనబడిన వారాల్లోనే అందాలి.