గడియ పడ్డాక

మన సినిమా కోర్సు బ్యాచ్ మళ్ళీ కలిసే రోజుకి వేస్తున్న సంచిక కమిటీ వాళ్ళు ఫోన్ చేసి "మూడేళ్ళ జ్ఞాపకాలు నాలుగు పేజీల్లో రాసివ్వు" అన్నారు. రాయడానికి కూర్చుంటే మూడేళ్ళూ రాలేదు. రెండో ఏడాది చివర్లో ఆరు రాత్రులు మాత్రం వచ్చాయి. మొదటి ఏడాది నాటకం గురించీ, ఆ బస్సు ప్రయాణం గురించీ, వార్డెన్ గారి గొడుగు గురించీ మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. నేను లైబ్రరీ గురించి రాస్తాను. ఎడిటింగ్ సార్ గురించి రాస్తాను.

ఏ గ్రూపు ఏ రకం సినిమా తియ్యాలో తేల్చే జానర్ చీటీలు తీసినరోజు మన గ్రూపుకి థ్రిల్లర్ రాగానే మన కెమెరామన్ ట్రైపాడ్ ఎగిరి గంతేశాడు. ఎవరి అసలు పేరూ రాయను, ట్రైపాడ్, పదిహేడు, తాతగారు, హార్మోనియం, చెవులు అని అప్పటి ముద్దుపేర్లే రాస్తాను. ఆ సాయంత్రమే మెట్ల మీద కూర్చుని థ్రిల్లర్‌లో ఏమేం ఉండాలో రాసుకున్నాం. చీకటి. వెనకనుంచి అడుగుల చప్పుడు. వంకరగా పెట్టిన ఫ్రేములు. అద్దంలో కనబడి మాయమయ్యే మనిషి. మోగి మోగి ఆగిపోయే ఫోను. చివర్లో ట్విస్టు. కథ ఆ తర్వాత పుట్టింది. లైబ్రరీ మూసేశాక లోపల ఒక్కతే ఉండిపోయిన అమ్మాయి, పుస్తకాల అరల మధ్య ఇంకెవరో ఉన్నారన్న అనుమానం, ఆ మనిషి మధ్యాహ్నం నుంచే మెట్ల కింద దాక్కుని ఉన్నాడని చివర్లో బయటపడటం. అమ్మాయిగా పదిహేడు, దాక్కున్నవాడిగా తాతగారు. రాసుకున్నవాటిలో ఒక్కటి కూడా వదలకుండా తీశాం.

మొదటి రాత్రి ట్రైపాడ్ లైట్లన్నీ ఆర్పించి తీశాడు. తెల్లారి టీవీకి కలిపి చూస్తే అందులో చీకటి లేదు, బూడిదరంగు చుక్కలు గిరగిరా తిరుగుతున్నాయి. ఆ చిన్న కెమెరాకి వెలుగు చాలకపోతే గెయిన్, అంటే కెమెరా లోపలే బొమ్మ వెలుగు, పెంచాలి, అది పెంచితే బొమ్మంతా నాయిజ్, ఆ చుక్కలే. రెండో రాత్రి పద్ధతి మార్చాడు. ఒకే ఒక్క గట్టి లైటు పక్కనుంచి కొట్టి, అది పడకూడని చోటల్లా నల్లగుడ్డలు కట్టాడు. పదిహేడు ముఖంలో సగం వెలుగు, సగం నలుపు. మానిటర్‌లో ఆ ముఖం చూసి మనం ఎవరమూ మాట్లాడలేదు. చీకటిని కూడా లైటుతోనే చెయ్యాలని ఆ రాత్రి తెలిసింది.

టేపులు ఆరు. గంట టేపు కంప్యూటర్‌లోకి ఎక్కడానికి గంటా పడుతుంది కాబట్టి ఆరు గంటలూ కూర్చుని చూశాను. ఏ షాట్‌లో ఎవరు దగ్గారో, క్లాప్ కొట్టాక తాతగారు ఎన్నిసార్లు కాలర్ సర్దుకున్నాడో నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. రఫ్ కట్, అంటే షాట్లు వరసగా అతికించిన మొదటి కూర్పు, పద్నాలుగు నిమిషాలు వచ్చింది. హార్మోనియం మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా మ్యూజిక్ పరిచాడు. మనకి చాలా గర్వంగా ఉంది.

సార్ చూశారు. లైట్లు వేశాక కాసేపు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

"భయం ఎక్కడ వెయ్యాలోయ్?" అన్నారు.

ట్రైపాడ్ మెట్ల దగ్గర అన్నాడు. హార్మోనియం ఫోను దగ్గర అన్నాడు. పదిహేడు అద్దం దగ్గర అంది. నేను చివర్లో అన్నాను.

"మీకు తెలిసిన ఒక్క సంగతిని పదమూడు నిమిషాలు నా దగ్గర దాచారు. చివర్లో చెప్పారు. ఒక్కసారి ఉలిక్కిపడ్డాను. ఆ పదమూడు నిమిషాలూ నన్నేం చెయ్యమంటారు?"

అప్పుడే బల్లకింద బాంబు గురించి చెప్పారు. 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రూఫో అడిగిన ప్రశ్నలకి, థ్రిల్లర్లకి పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ ఇచ్చిన జవాబుల్లోది అది. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని ఏవో మామూలు కబుర్లు చెప్పుకుంటున్నారు. ఉన్నట్టుండి బాంబు పేలింది. చూసేవాళ్ళకి దక్కింది పదిహేను సెకన్ల ఆశ్చర్యం. అదే బాంబుని ముందే చూపించి, ఎన్నింటికి పేలుతుందో కూడా చెప్పి, గోడ గడియారం చూపించి, అప్పుడు అవే కబుర్లు వినిపిస్తే పదిహేను నిమిషాల టెన్షన్. ఆ తర్వాత ఈ సంగతి చాలాచోట్ల చదివాను, చాలామంది చెప్పగా విన్నాను. సార్ మాత్రం అది చెప్పి ఊరుకోలేదు. నన్ను జరగమని నా కుర్చీలో కూర్చున్నారు. ట్విస్టు కోసం చివర్లో పెట్టిన షాట్, తాతగారు మధ్యాహ్నం వెలుగులో తాళంచెవుల గుత్తి జేబులో వేసుకుని మెట్ల కిందికి దూరే షాట్, తీసుకెళ్ళి సినిమా మొదట్లో పెట్టారు. పదకొండు సెకన్లు. 275 ఫ్రేములు. ఇంకేమీ ముట్టుకోలేదు.

"ఇప్పుడు చూడండి."

పదిహేడు లోపలికి వచ్చింది. బయట ఏదో చప్పుడైతే భయపడి తలుపు మూసింది. గడియ వేసింది. తలుపుకి ఆనుకుని ఊపిరి పీల్చుకుంది, ఒక చిన్న నవ్వు నవ్వింది. రాత్రంతా తీసిన షాట్ల మధ్య ఎవరూ పట్టించుకోని షాట్ అది. రెండో టేక్ ఓకే అనుకుని ముందుకు పోయాం. ఎడిటింగ్‌లో నేను దాన్ని యాభైసార్లు చూసి ఉంటాను, నాకు ఏమీ అనిపించలేదు. ఆరోజు ఆ గడియ పడిన చప్పుడుకి నా వీపు చల్లబడింది. ఆ పిల్ల తనని తాను వాడితో కలిపి గడియ వేసుకుంది! అదే ముఖం, అదే నవ్వు, ఒక్క ఫ్రేము మారలేదు. ముందు క్షేమంగా ఉన్నాననుకున్న నవ్వు ఇప్పుడు చూడలేని నవ్వయింది. పక్కన ఏ షాట్ పెడితే దాన్నిబట్టి అదే ముఖానికి అర్థం మారిపోతుందని చూపిన కులెషోవ్ ప్రయోగం గురించి మొదటి ఏడాది పరీక్షలో రెండు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అది నిజంగా అర్థమైంది ఆ క్షణంలో.

సార్ మనవైపు తిరిగి, "గడియ అంటే తలుపుకి వేసేదీ, కాలాన్ని కొలిచేదీ కూడాను. ఇరవైనాలుగు నిమిషాలు ఒక గడియ. మీ సినిమాకి కావలసినవి రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి కదరా" అన్నారు. పోస్టర్ మీద పేరు ఆ రాత్రే మారింది.

తర్వాత వారం రోజులు నేను తీసేస్తూ పోయాను. అద్దం పోయింది. ఫోను పోయింది. వంకర ఫ్రేముల్లో ఒక్కటే మిగిలింది, అదీ గడియ పడ్డాక. అప్పటిదాకా నిటారుగా ఉన్న గది అక్కడ మొదటిసారి ఒరుగుతుంది. పద్నాలుగు నిమిషాలు తొమ్మిదయ్యాయి. సౌండు చూసే చెవులు తన టేపు రికార్డర్ పట్టుకుని మళ్ళీ లైబ్రరీకి వెళ్ళి, అర్ధరాత్రి ఖాళీ గది చప్పుడు పది నిమిషాలు రికార్డు చేసుకొచ్చింది. తాళంచెవుల గుత్తి ఆమె ఆలోచనే. 1931లో వచ్చిన 'ఎమ్' సినిమాలో హంతకుణ్ణి ఒక గుడ్డివాడు ఈలపాటతో గుర్తుపడతాడని మనకి చెప్పింది గుర్తుందా? మొదటి షాట్‌లో తాతగారి చేతిలో గుత్తి గలగలమంటుంది. ఆ తర్వాత మనిషి కనబడక్కర్లేదు, ఆ గలగల వినబడితే చాలు. మెట్ల కింద నుంచి ఒకసారి, అరల వెనకనుంచి ఒకసారి.

మ్యూజిక్ తీసేస్తే హార్మోనియం బాధపడ్డాడు. ఊరికే బాధపడి ఊరుకోలేదు, సార్ దగ్గరికి వాదనతో వెళ్ళాడు. 1960లో 'సైకో'లో స్నానాలగది సీనుకి మ్యూజిక్కే వద్దని హిచ్‌కాక్ అనుకున్నాడు, బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లతో చేసి వినిపించాక మనసు మార్చుకున్నాడు, అన్నాడు. సార్ ఎంత సంతోషించారో! "అలా రా నాయనా. ఎక్కడ కావాలో చూపించు, వింటాను" అన్నారు. హార్మోనియం రెండు రాత్రులు సినిమా చూసి ఒక్కచోటే అడిగాడు. చివర్లో గడియ మళ్ళీ తెరుచుకున్న తర్వాత, తెర నల్లబడ్డాక. అక్కడ అతను వాయించిన నలభై సెకన్లు నాకు ఇప్పటికీ చాలా ఇష్టం.

ఇక ట్రైపాడ్ సంగతి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మెట్ల షాట్. నలభైరెండు సెకన్లు. పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా కెమెరా చేత్తో పట్టుకుని, ఒక్కచోట కూడా ఆగకుండా, ఊపిరి బిగబట్టి దిగాడు. పదిహేడు టేకులు. వెనక బెల్టు పట్టుకుని నేనే దిగాను. ఆ ఆరు టేపుల్లో అంతకన్నా అందమైన షాట్ లేదు. అది తీసేశాను. ఎందుకంటే ఆ షాట్ ఎవరో మెట్లమీంచి దిగుతూ చూస్తున్నట్టు ఉంటుంది. మనిషి మెట్ల కింద ఉన్నాడని చూసేవాళ్ళకి ముందే చెప్పాం. మరి మెట్ల మీద ఉన్నదెవరు? జవాబు లేదు. ప్రేక్షకుణ్ణి నమ్మించి తీసుకెళ్తున్న దారిలో అది ఒక్కటే అబద్ధం. ట్రైపాడ్ నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. సార్ మధ్యలోకి రాలేదు. "ఎడిటర్‌వి నువ్వు, అమ్మాయ్. అతనికి చెప్పాల్సింది నువ్వే" అన్నారు. చెప్పాను, సరిగ్గా చెప్పలేకపోయాను.

ప్రదర్శన రోజు హాల్లో పదిహేడు తలుపు దగ్గరికి నడుస్తుంటే కింది క్లాసు వాళ్ళు కూర్చున్న వరసలోంచి ఎవరో "వద్దు" అన్నారు. పైకే అన్నారు. అన్నదెవరో మనకి ఇప్పటికీ తెలియదు. గడియ పడింది. హాలంతటా ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. నా కుడిపక్క ఖాళీ కుర్చీలోకి ట్రైపాడ్ వచ్చి కూర్చున్నాడు. ఏమీ అనలేదు. తొమ్మిది నిమిషాలూ పక్కనే ఉన్నాడు.

మూడో ఏడాది ఎలా గడిచిందో నాకు నిజంగా గుర్తులేదు.

ఇప్పుడు పదకొండు సినిమాలకి ఎడిటర్‌గా నా పేరు పడింది. నాకొక ఎడిటింగ్ గది ఉంది, ముగ్గురు అసిస్టెంట్లు ఉన్నారు. అందులో ఇద్దరు అమ్మాయిలు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి పని ఇస్తాను. అయిపోయిన సినిమాలోంచి ఏదైనా ఒక్క షాట్ తీసి ఇంకోచోట పెట్టి, ఏం మారిందో వచ్చి చెప్పమంటాను. నా మొదటి సినిమా ప్రివ్యూకి సార్‌ని పిలిస్తే వచ్చారు. రిటైరై అప్పటికి నాలుగేళ్ళు. ఇంటర్వెల్‌లో నా చెయ్యి పట్టుకుని, "రెండో రీల్లో ఆ ఉత్తరం షాట్ కొంచెం ముందుకి రావాలేమో చూడు" అన్నారు. ఆ రాత్రే జరిపి చూశాను. ముందుకే రావాలి. రిలీజైన సినిమాలో అది సార్ చెప్పిన చోటే ఉంది.

కమిటీ వాళ్ళకి ఒక మనవి. కలిసే రోజు పాత హాల్లోనే 'గడియ' వెయ్యండి. సౌండు సరిగ్గా ఉన్న ఫైనల్ కాపీ నా దగ్గర ఉంది, తెస్తాను. సార్‌ని ముందు వరసలో కాకుండా ఆయన ఎప్పుడూ కూర్చునే ప్రొజెక్టర్ పక్క కుర్చీలోనే కూర్చోబెట్టండి.

ట్రైపాడ్, నువ్వు తప్పకుండా రావాలి. మెట్ల షాట్ నేను పారెయ్యలేదు. టేపు పాడవకముందే కాపీ చేసి, కంప్యూటర్లు మారినప్పుడల్లా ఒకదాన్నుంచి ఇంకోదానికి మోసుకుంటూ వచ్చాను. పదిహేడో టేకు, క్లాప్ నుంచి నువ్వు చివర్లో "అబ్బా" అనేదాకా మొత్తం ఉంది. సినిమా అయ్యాక, హార్మోనియం మ్యూజిక్ ఆగాక, దాన్ని విడిగా వేద్దాం.