కొరియా అనుకుంటున్న మన పిల్లలకు

విజయవాడ, గుంటూరు కుర్రాళ్లు కొరియా అనగానే జీతం లెక్క అడుగుతారు. అక్కడి సమాజం ఎలా మారిందో కూడా తెలియాలి.

1997 నవంబరులో కొరియా అప్పు కోసం ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) గుమ్మం ఎక్కింది. ఆ అప్పు తీర్చడానికి 1998లో దాదాపు 35 లక్షల మంది పెళ్లి ఉంగరాలు, పిల్లల మొదటి పుట్టినరోజు ఉంగరాలు బయటికి తీశారు. 227 టన్నుల బంగారం పోగైంది. అది ఎంత త్యాగమో మన ఇళ్లకు చెప్పక్కర్లేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో చట్టం మార్చి ఉద్యోగుల తొలగింపుకు దారి తెరిచారు. నాకు ఇది అన్యాయమనే అనిపిస్తుంది. ఇప్పుడు ఉద్యోగుల్లో మూడోవంతుకు పైగా నాన్-రెగ్యులర్, అంటే పర్మినెంటు కానివాళ్లు. పెద్ద కంపెనీ పర్మినెంటు ఉద్యోగం కోసం చిన్నప్పటినుంచే ట్యూషన్లు, ఆ ఖర్చుకు భయపడి పెళ్లిళ్లే వాయిదా. 2023లో సంతాన రేటు 0.72, అంటే ఒక్కో మహిళకు సగటున ఒక్క బిడ్డ కూడా లేదు.

మనుషులు దొరకని చిన్న ఫ్యాక్టరీల కోసం 2004లో విదేశీ కార్మికులకు పర్మిట్ పద్ధతి పెట్టారు, ఆ వీసా పేరు ఈ-9. ఒక విడతకు గరిష్ఠంగా 4 ఏళ్ల 10 నెలలు. అయిదేళ్లు నిండితే స్థిర నివాసం అడగొచ్చు కాబట్టి ఆలోపే ఆపారు. కుటుంబాన్ని తీసుకెళ్లనివ్వరు. యజమాని ఒప్పుకోకపోతే కంపెనీ మారడం చాలా కష్టం. కలిసిపోయే అవకాశమే లేకుండా కట్టిన పద్ధతి ఇది.

ఈ-9 మీద కార్మికుల్ని పంపే దేశాల జాబితాలో నేపాల్, శ్రీలంక ఉన్నాయి, ఇండియా లేదు. ఎంపిక ప్రభుత్వాల మధ్యే జరుగుతుంది. ఈ-9 ఇప్పిస్తామని ఏజెంటు అడ్వాన్సు అడిగితే ఇవ్వకండి.

చదువుకు డీ-2 వీసా. పార్ట్‌టైమ్ పని చేయాలంటే ముందే ఇమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి.